బోర్డు కనబడటం లేదని పిల్లలు చెప్పరు: బడిలో చూపు పరీక్ష మొదటి నుంచి చివరి దాకా

రెండో తరగతి పిల్లవాడొకడు కొత్త అద్దాలు పెట్టుకుని తరగతి గదిలోకి వచ్చాడు. కాసేపు గోడ గడియారం వైపే చూసి, "ఇందులో ఇంకో సన్నటి ముల్లు కూడా తిరుగుతోందే!" అన్నాడు. ఏడాదిగా రోజూ ఆ గడియారానికి ఎదురుగానే కూర్చుంటున్నాడు. కనబడటం లేదని ఒక్కసారి కూడా ఎవరితోనూ అనలేదు. దాచిపెట్టి కాదు, వాడికి తెలియక. లోకం ఎప్పుడూ మసకగానే కనబడుతుంటే లోకమంటే అంతే అనుకుంటారు పిల్లలు. పక్కవాడికి తనకంటే ఎక్కువ కనబడుతోందని వాళ్లకెలా తెలుస్తుంది?

అందుకే "బోర్డు కనబడుతోందా?" అని అడిగి, "ఆఁ" అనగానే ఊరుకోవడం పరీక్ష కాదు. ఒక్కో కన్ను విడిగా మూసి, కొలిచి చూడాలి. ఒక కన్ను బాగా పనిచేస్తూ రెండోది దాదాపు పనిచేయని పిల్లలు ఆడతారు, పరిగెడతారు, మంచి మార్కులు కూడా తెచ్చుకుంటారు. ఆ రెండో కన్ను సంగతి కొలిస్తే తప్ప బయటపడదు.

ఈ మార్గదర్శి టీచర్లకు, తల్లిదండ్రులకు, బడిలో ఈ పని నెత్తినేసుకునే స్వచ్ఛంద కార్యకర్తలకు. డాక్టరు చేసే పూర్తి కంటి పరీక్షకు ఇది బదులు కాదు. ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో తేల్చడానికి చేసే వడపోత మాత్రమే. కొంచెం శిక్షణ, కొంచెం ఓపిక ఉంటే ఎవరైనా చేయగలరు.

ముందుగా, పిల్లల కళ్లకు వచ్చే ఇబ్బందులేమిటి

బడి వయసులో ఎక్కువగా కనబడేది మయోపియా, అంటే హ్రస్వదృష్టి. దగ్గరిది బాగానే కనబడుతుంది, దూరం మసకబారుతుంది. కనుగుడ్డు కావలసినదానికంటే పొడవు పెరగడం దీనికి ముఖ్య కారణం. పుట్టినప్పుడు సుమారు 17 మిల్లీమీటర్లుండే కనుగుడ్డు పెద్దయ్యేసరికి 24 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే సుమారు రెండున్నర డయాప్టర్ల (అద్దాల పవరును కొలిచే ప్రమాణం) మైనస్ నంబరు వస్తుంది. ఎత్తు పెరిగే వయసులోనే ఇది కూడా జరుగుతుంది కాబట్టి పోయినేడాది బాగున్న కన్ను ఈ ఏడాది కూడా బాగుంటుందని అనుకోకూడదు.

దీర్ఘదృష్టి, అంటే దగ్గరిది చూడటానికి కన్ను ఎక్కువ కష్టపడాల్సి రావడం. ఇది ఉన్న పిల్లలను పట్టుకోవడం కష్టం. వాళ్ల కంటిలోని కటకానికి ఇంకా మెత్తదనం ఉంటుంది కాబట్టి కంటిని బిగబట్టి దూరం అక్షరాలు చదివేస్తారు. చార్టు దగ్గర పాసైపోతారు. పుస్తకం తెరిచిన పది నిమిషాలకే తలనొప్పి, విసుగు, చదువంటే అయిష్టం. అస్టిగ్మాటిజంలో కంటి ముందుపొర వంపు అన్ని వైపులా ఒకేలా ఉండదు, అందుకని దూరమూ దగ్గరా రెండూ గీతలు సాగినట్టు కనబడతాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు పుట్టించేది లేజీ ఐ. చిన్నతనంలో ఒక కంటి నుంచి మెదడుకు స్పష్టమైన బొమ్మ అందకపోతే, మెదడు ఆ కన్నును పట్టించుకోవడం మానేస్తుంది. మెల్లకన్ను వల్ల రావచ్చు, రెండు కళ్ల నంబర్ల మధ్య పెద్ద తేడా ఉండటం వల్ల రావచ్చు, పుట్టుకతో వచ్చిన శుక్లం వల్లా రావచ్చు. ప్రతి వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే చికిత్స బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత కూడా కొందరికి మేలు జరుగుతుంది గానీ ఏడాది గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతూ వస్తుంది. ఒకటో తరగతిలో జరగాల్సిన పరీక్ష ఆరో తరగతిలో జరిగితే ఆ మధ్యకాలం తిరిగి రాదు.

1. పరీక్షకు ముందే తరగతిలో గమనించండి

కళ్లు చికిలించి చూడటం, తల ఒకవైపుకు వంచి చూడటం, ఒక కన్ను చేత్తో మూసుకుని చదవడం, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకోవడం, బోర్డు మీదిది కాకుండా పక్కవాడి నోట్సు చూసి రాసుకోవడం, ఇవి టీచరు కంట పడేవి. ఎండలో ఒక కన్ను మూసుకోవడం, సాయంత్రానికి నుదుటి దగ్గర నొప్పి, టీవీ ముందుకి జరగడం, మసక వెలుతురులో తడుముకోవడం ఇంట్లో తెలుస్తాయి. ఊరికే కళ్లు నులుముకునే పిల్లలకు చాలాసార్లు ఎలర్జీ ఉంటుంది. అదీ చూపించాల్సిందే. ఏళ్ల తరబడి గట్టిగా నులిమితే కంటి ముందుపొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ముప్పు పెరుగుతుంది.

ఇక్కడ టీచర్లకు ఒక మాట. కనబడటం లేదన్న పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టడం ప్రేమతో చేసే పనే. కానీ అంతటితో ఆగితే ఇబ్బంది కనుమరుగవుతుంది తప్ప పోదు. ముందు బెంచీ డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా చేసే ఏర్పాటు మాత్రమే. కూర్చోబెట్టిన రోజే తల్లిదండ్రులకు కబురు పెట్టండి.

మొద్దు, అల్లరి, ధ్యాస లేదు అని పేరుపడిన పిల్లల జాబితా ఒకటి మీ మనసులో ఉంటుంది. పరీక్ష వాళ్లతోనే మొదలుపెట్టండి.

2. చోటు సిద్ధం చేసుకోండి

చార్టు, కొలిచే టేపు, కన్ను మూసే సాధనం, చిన్న టార్చిలైటు, నమోదు పుస్తకం ఉంటే మొదలుపెట్టవచ్చు. పిన్‌హోల్ అనే చిన్న రంధ్రాల పలక, ప్లస్ 2 పవరు అద్దాలు కూడా దొరికితే మరీ మంచిది.

దూరం దగ్గర రాజీ వద్దు. చార్టు ఏ దూరానికి తయారైందో దాని మీదే రాసి ఉంటుంది, 6 మీటర్లో, 3 మీటర్లో. 6 మీటర్ల చార్టును 3 మీటర్ల నుంచి చదివిస్తే అందరూ పాసవుతారు, ఎవరికీ ఉపయోగముండదు. చిన్న పిల్లలకు 3 మీటర్ల చార్టే నయం, వాళ్ల ధ్యాస అంత దూరం నిలవదు. అడుగులేసి అంచనా కట్టకుండా టేపుతో కొలవండి. చార్టు నుంచి పిల్లవాడి కన్ను ఉండే చోటుకి కొలిచి, నేల మీద టేపు అంటించండి. పరీక్ష మధ్యలో పిల్లలు తెలియకుండానే ముందుకు వంగుతారు, కుర్చీ జరుపుకుంటారు. ఒకరు చార్టు దగ్గర, ఇంకొకరు పిల్లవాడి పక్కన ఉంటే అది అదుపులో ఉంటుంది.

చార్టు మీద వెలుతురు అంతటా సమంగా పడాలి. చార్టు వెనక కిటికీ ఉండకూడదు, నున్నటి కాగితం మీద మెరుపు ఉండకూడదు. చార్టు పిల్లవాడి కళ్ల ఎత్తులో ఉండాలి.

మొదటిసారి నేను చేసిన తప్పు చెబుతాను. పిల్లలను వరసలో గది లోపలే నిలబెట్టాను. నాలుగో పిల్లవాడి వంతు వచ్చేసరికి వెనకనున్న వాళ్లందరికీ కింది వరస కంఠస్థం. ఆ పూట చేసిన పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సి వచ్చింది. వంతు కోసం ఎదురుచూసే పిల్లలు గది బయటే ఉండాలి, చార్టు వాళ్ల కంట పడకూడదు.

3. వయసుకు తగిన చార్టు

నెదర్లాండ్స్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో రూపొందించిన అక్షరాల చార్టే ఇప్పటికీ చాలాచోట్ల గోడల మీద ఉంది. అక్షరాలు తడబడకుండా చదవగలిగే పిల్లలకు ఇది సరిపోతుంది. అయితే దీని పైవరసల్లో ఒకటి రెండు అక్షరాలే ఉంటాయి. ప్రతి వరసలోనూ ఐదేసి అక్షరాలు, వాటి మధ్య ఒక లెక్క ప్రకారం ఖాళీ ఉండే లాగ్‌మార్ చార్టులు 1976లో ఆస్ట్రేలియాలో వచ్చాయి. రెండింట్లో ఒకటి ఎంచుకునే వీలుంటే ఈ రెండోదే తీసుకోండి.

అక్షరాలు రాని పిల్లలకు, అక్షరాలంటే బెరుకున్న పిల్లలకు, ఇంగ్లీషు "E" అక్షరం కాళ్లు నాలుగు దిక్కులకూ తిరిగి ఉండే చార్టు ఉంది. కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఫిన్లాండ్ పిల్లల కంటి వైద్యురాలు లియా హువారినెన్ తయారుచేసిన బొమ్మల చార్టు చాలా సుఖం. యాపిల్, ఇల్లు, వృత్తం, చతురస్రం, ఈ నాలుగే బొమ్మలు. నోరు విప్పని పిల్లల ఒళ్లో నాలుగు బొమ్మల అట్ట పెడితే అక్కడ కనబడినది ఇక్కడ వేలితో చూపిస్తారు. యాపిల్‌ను గుండె అన్నా, వృత్తాన్ని బంతి అన్నా సరే, ప్రతిసారీ ఒకే మాట అంటే చాలు.

4. కొలవడం

ముందు పిల్లవాడిని చార్టు దగ్గరికి తీసుకెళ్లి, రెండు కళ్లతో రెండు మూడు గుర్తులు చెప్పించండి. ఆట అర్థమైందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఇప్పటికే అద్దాలున్న పిల్లలకు అద్దాలతోనే పరీక్ష చేయాలి. ఆ అద్దాలు ఇంకా సరిపోతున్నాయా అన్నదే మీరు చూస్తున్నది.

తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చదివించండి. ఈ మూయడంలోనే ఎక్కువ పరీక్షలు చెడిపోతాయి. వేళ్లతో మూసుకుంటే సందుల్లోంచి చూస్తారు. మోసం చేయాలని కాదు, సరిగ్గా చెప్పాలన్న ఆరాటం. అరచేతిని గట్టిగా ఒత్తితే ఆ కన్ను కాసేపు మసకబారి, దాని వంతు వచ్చినప్పుడు తప్పులు వస్తాయి. చిన్నవాళ్లకు అంటించే ప్యాచ్, పెద్దవాళ్లకు కన్నును పూర్తిగా కప్పేసే చెంచా లాంటి పలక మంచిది. మూసిన కన్ను లోపల తెరిచే ఉండాలి. తల తిప్పి చూస్తున్నారా, ప్యాచ్ అంచునుంచి తొంగి చూస్తున్నారా అని పక్కన నిలబడ్డవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఒక కన్ను మూయగానే హాయిగా చదివి, రెండోది మూయగానే ఏడుపు అందుకున్నా, మీ చేయి తోసేసినా, దాన్ని మొండితనం అనుకోకండి. మీరు మూసింది వాళ్లకున్న ఒకే మంచి కన్ను కావచ్చు. అదే మీరు వెతుకుతున్న జవాబు, రాసుకోండి.

పెద్ద వరసతో మొదలుపెట్టి ఒక్కో వరసలో ఒకటి రెండు గుర్తులు అడుగుతూ కిందికి దిగండి. తడబడిన చోట వరస మొత్తం అడగండి. సగానికి మించి సరిగ్గా చెబితే ఆ వరస వచ్చినట్టే. గుర్తు కింద వేలు పెట్టి చూపి వెంటనే తీసేయండి. చుట్టూ ఉన్నవాటిని మూసి ఒక్క గుర్తునే చూపించకండి. లేజీ ఐ ఉన్న కన్ను ఒంటరి అక్షరాన్ని చదివేస్తుంది, గుంపులో ఉన్నప్పుడే తడబడుతుంది. పిల్లకు సాయం చేస్తున్నామనుకుని ఒక్కో అక్షరం విడిగా చూపితే ఆ పిల్ల జబ్బును మనమే కప్పిపెట్టినట్టవుతుంది.

కళ్లు చికిలించనివ్వకండి. చికిలిస్తే సన్నటి సందులోంచి వెలుతురు వెళ్లి కాసేపు స్పష్టత పెరుగుతుంది. "తప్పు" అనకండి, ముఖం చిట్లించకండి. ప్రతి జవాబుకూ ఒకే గొంతుతో "ఇంకొకటి చెప్పు" అంటే చాలు. ఇప్పుడు కుడి కన్ను మూసి ఎడమ కంటితో చదివించండి. ఈసారి అదే వరసను కుడి నుంచి ఎడమకు అడగండి, గుర్తుపెట్టుకుని చెప్పడానికి వీలుండదు.

ఫలితం రాసే పద్ధతి సులువే. 6/12 అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదవగలిగేది చదవడానికి ఈ కన్ను 6 మీటర్లకు రావాలి అని. 6/6 మామూలు చూపు. రెండు కళ్ల అంకెలూ విడివిడిగా రాయండి. "బాగుంది" అని రాస్తే వచ్చే ఏడాది దేనితో పోల్చి చూస్తారు?

పిన్‌హోల్ పలక ఉంటే, తక్కువ చదివిన కంటికి దాన్ని పెట్టి మళ్లీ చదివించండి. చూపు మెరుగుపడితే అద్దాలతో సరయ్యే ఇబ్బంది అయ్యే అవకాశం ఎక్కువ. ఏమాత్రం మెరుగుపడకపోతే లేజీ ఐ గానీ కంటిలోపలి జబ్బు గానీ ఉండవచ్చు, త్వరగా పంపాలి.

5. ఇంకో రెండు నిమిషాలు

దూరం బాగా చదివిన పిల్లలకు ప్లస్ 2 అద్దాలు పెట్టి, అర నిమిషం ఆగి, మళ్లీ చదివించండి. మామూలు కంటికి ఆ అద్దాలతో దూరం మసకబారాలి. వాటితోనూ చిన్న వరసలు చదివేస్తుంటే దీర్ఘదృష్టి ఉందని అనుమానించాలి. చదువంటే పారిపోయే పిల్లలకు ఈ చిన్న పరీక్ష తప్పకుండా చేయండి.

టార్చిని ఒక మూర దూరంలో ముఖానికి నేరుగా పట్టుకోండి. వెలుగు చుక్క రెండు కంటిపాపల్లోనూ ఒకే చోట మెరవాలి. ఒకదానిలో పక్కకు జరిగి ఉంటే మెల్లకన్ను ఉండవచ్చు. "పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది", "మెల్లకన్ను అదృష్టం" అనే మాటలు ఎందరి చూపునో పోగొట్టాయి. నాలుగు నెలలు దాటిన బిడ్డలో మెల్ల కనబడితే ఆగకుండా చూపించాలి.

కంటిపాప మధ్యలో తెల్లగా ఏదైనా కనబడినా, ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా వస్తున్నా ఆ వారంలోనే కంటి డాక్టరు చూడాలి. శుక్లం కావచ్చు, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. రెండోది ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లల్లో వస్తుంది. కాబట్టి బడి పిల్లల తమ్ముళ్ల, చెల్లెళ్ల ఫోటోలు కూడా చూసుకోమని తల్లిదండ్రులకు చెప్పండి.

రంగుల పరీక్ష బడిలో ఒక్కసారి చేస్తే చాలు. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన చుక్కల అంకెల పటాలే ఇప్పటికీ వాడుతున్నారు. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయినట్టు కనబడే లోపం ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ. దానికి వైద్యమంటూ లేదు. అయితే టీచరు ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దతో రాయడం మానేస్తే ఆ పిల్లవాడికి సగం కష్టం తగ్గుతుంది.

6. ఎవరిని పంపాలి

గీత ఎక్కడ గీయాలన్నది ఒక్కో కార్యక్రమంలో ఒక్కోలా ఉంటుంది. కొందరు 6/9 చదవలేకపోతే పంపుతారు, కొందరు 6/12 దగ్గర ఆగుతారు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఏ ఒక్క కంటితో 6/9 రాకపోయినా పంపమనే నేను చెబుతాను. అనవసరంగా ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి రావడం పెద్ద నష్టం కాదు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 6/12 సరిపోతుంది. మొదటిసారి తప్పిన పిల్లలకు అలసట, భయం ఉండి ఉండవచ్చు, ఇంకో రోజు మళ్లీ చూసి నిర్ధారించుకోండి.

అంకెలు బాగున్నా పంపాల్సినవాళ్లున్నారు. రెండు కళ్ల మధ్య రెండు వరసల తేడా ఉన్నవాళ్లు, ప్లస్ 2 పరీక్షలో అనుమానం వచ్చినవాళ్లు, మెల్లకన్ను, రెప్ప వాలడం, కళ్లు అదరడం ఉన్నవాళ్లు, తలనొప్పి తరచూ వచ్చేవాళ్లు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం లాంటివి ఉన్న పిల్లలను ఈ వడపోతతో సరిపెట్టకండి. వాళ్లలో కంటి ఇబ్బందులు మరీ ఎక్కువ, నేరుగా పూర్తి పరీక్షకే పంపాలి.

ఉన్నట్టుండి చూపు తగ్గడం, ఒకటి రెండుగా కనబడటం, కొత్తగా వచ్చిన మెల్లతో పాటు తలనొప్పి, వాంతులు, కంటికి దెబ్బ, ఇవి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి. కంటిలో సున్నం గానీ రసాయనం గానీ పడితే ముందు శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి, ఆ తర్వాతే బయల్దేరాలి.

7. ఇంటికి కబురు

"ఫెయిల్" అన్న మాట వాడకండి. తరగతిలో అందరి ముందూ పేర్లు చదవకండి. చీటీలో ఇలా రాస్తే చాలు: "ఈ రోజు బడిలో చూపు పరీక్ష చేశాం. మీ పాప ఎడమ కన్ను 6/18 వరకే చదివింది, కుడి కన్ను 6/6. ఇది జబ్బు నిర్ధారణ కాదు. రెండు వారాల్లోగా కంటి డాక్టరుకు చూపించి, ఈ చీటీ వెనక డాక్టరుతో రాయించుకుని పంపండి." గడువు రాయడం, జవాబు అడగడం మరవద్దు. అవి లేని చీటీ పుస్తకాల సంచి అడుగున ఉండిపోతుంది.

వారం తర్వాత ఫోన్ చేయండి. "మా ఇంట్లో ఎవరికీ సైట్ లేదు, దీనికెలా వస్తుంది?", "ఇప్పుడే అద్దాలు పెడితే జీవితాంతం పెట్టుకోవాలి", "ఆడపిల్లకి అద్దాలేమిటి?" అనే మాటలు వినబడతాయి. వాళ్ల భయం బిడ్డ మీది ప్రేమలోంచే వస్తుంది, వాదించకండి. వీలైతే తల్లినో తండ్రినో బడికి పిలిచి, పిల్ల పక్కనే నిలబెట్టి చార్టు చూపించండి. తమకు కనబడే వరస బిడ్డకు కనబడటం లేదని కళ్లారా చూశాక ఆ రోజే తీసుకెళ్లిన వాళ్లను చూశాను.

8. డాక్టరు దగ్గర ఏం జరుగుతుంది

పిల్లల నంబరు కంప్యూటరు మిషన్‌తో ఒక్క నిమిషంలో తేల్చేస్తే సరిపోదు. పిల్లలు కంటిని బిగబడతారు కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ మైనస్ చూపిస్తుంది, ప్లస్ దాచేస్తుంది. ఆ బిగువును సడలించడానికి చుక్కల మందు వేసి, కాసేపు కూర్చోబెట్టి, తర్వాత పరీక్షిస్తారు. మందు కాస్త మండుతుంది. కంటిపాప పెద్దదవుతుంది, వెలుతురు గుచ్చుకుంటుంది, దగ్గరిది మసకబారుతుంది. సైక్లోపెంటొలేట్ వేస్తే సుమారు ఒక రోజులో తగ్గుతుంది, అట్రోపిన్ వేస్తే వారం పైన కూడా పట్టవచ్చు. అందుకని మర్నాడు రాత పరీక్ష ఉన్న రోజున వెళ్లవద్దు. మొదటిసారి చూపిస్తుంటే "చుక్కలు వేసి చూస్తారా?" అని మీరే అడగండి.

మందుల షాపులో సొంతంగా చుక్కల మందు కొని వేయకండి. ఎలర్జీ దురదను చటుక్కున తగ్గించే కొన్ని మందుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడితే గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), శుక్లం రావచ్చు.

9. అద్దాలు ముక్కు మీదికి చేరేదాకా

అద్దాలు పెట్టుకుంటే కళ్లు బద్ధకించి నంబరు పెరుగుతుందన్నది నిజం కాదు. మయోపియా పిల్లలకు కావాలని తక్కువ నంబరు ఇచ్చి చూసిన ఒక పరిశోధన 2002లో వెలువడింది. వాళ్లకు నంబరు ఆగలేదు సరికదా, పూర్తి నంబరు పెట్టుకున్న పిల్లలకంటే వేగంగా పెరిగింది. ఉన్న నంబరు ఉన్నట్టు పెట్టుకోవడమే మేలు.

ఫ్రేము ముక్కు మీంచి జారకూడదు, చెంపలను ఒత్తకూడదు, కంటిపాప అద్దం మధ్యలో ఉండాలి. తేలికగా పగలని పాలికార్బొనేట్ అద్దాలే పిల్లలకు తగినవి. రంగు, ఆకారం పిల్లవాడినే ఎంచుకోనివ్వండి. పెద్దవాళ్లకు నచ్చినవి పెట్టెలోనే ఉంటాయి. మొదటి వారం పది రోజులు నేల వాలుగా ఉన్నట్టు, మెట్లు దగ్గరైనట్టు అనిపించవచ్చు. అప్పటికీ సర్దుకోకపోతే తిరిగి చూపించాలి.

తర్వాత వచ్చేది అసలైన కష్టం. చైనా పల్లె బడుల్లో చేసి 2014లో ప్రచురించిన ఒక పెద్ద ప్రయోగంలో, ఉచితంగా అద్దాలు అందుకున్న పిల్లల లెక్కల మార్కులు కొంత పెరిగాయి. కానీ చెప్పకుండా వెళ్లి చూసినప్పుడు, ఉచితంగా అందుకున్న పిల్లల్లోనూ 41 శాతం మందే వాటిని పెట్టుకుని ఉన్నారు. అద్దాలు చేతికివ్వడంతో పని అయిపోలేదని దీని అర్థం. తోటివాళ్లు వెక్కిరిస్తారన్న భయం, పగిలితే ఇంట్లో తిడతారన్న టెన్షన్ వాటిని సంచిలో దాచిపెడతాయి. అద్దాలు వచ్చిన రోజు తరగతిలో ఆ చార్టే తెచ్చి, అద్దాలతో ఒకసారి, లేకుండా ఒకసారి అందరి ముందూ ఆటలా చదివించండి, పిల్లవాడు సరేనంటేనే. టీచరుకు అద్దాలుంటే తన మొదటి అద్దాల కథ చెప్పవచ్చు. వెక్కిరింపు మొదలైన రోజే ఆపండి.

లేజీ ఐ ఉన్న పిల్లలకు కూడా మొదటి మందు అద్దాలే. రెండు కళ్ల నంబర్ల తేడాతో వచ్చిన లేజీ ఐలో సుమారు నాలుగో వంతు పిల్లలకు అద్దాలతోనే పూర్తిగా సరైనట్టు పరిశోధనల్లో తేలింది. మిగతావాళ్లకు మంచి కన్ను మూసి బలహీనమైన కంటితో పని చేయించాలి. రోజంతా మూయాలేమోనని తల్లులు హడలిపోతారు. ఏడేళ్ల లోపు పిల్లల మధ్యస్థాయి లేజీ ఐకి రోజుకు 2 గంటల ప్యాచ్, 6 గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేసిందని 2003లో తేలింది. ఎంతసేపన్నది డాక్టరే చెప్పాలి. ప్యాచ్ కట్టిన వేళ రంగులు వేయడం, పూసలు గుచ్చడం లాంటి ఇష్టమైన పని ఇవ్వండి. ప్యాచ్ అద్దాల మీద కాదు, కన్ను చుట్టూ చర్మానికే అంటించాలి, అద్దాలు దాని మీద. బడిలో కట్టాల్సి వస్తే టీచరుకు ముందే చెప్పండి.

10. నంబరు పెరగకుండా

ఇందులో గట్టి ఆధారం ఉన్నది ఆరుబయట గడపడానికి. బయటి వెలుతురు, మబ్బు పట్టిన రోజు కూడా, గది వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాని వల్ల రెటీనాలో, అంటే కంటి వెనక వెలుతురును పట్టే పొరలో, డోపమైన్ అనే రసాయనం విడుదలై కనుగుడ్డు పొడవు పెరగడం నెమ్మదిస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడు అదనంగా పెట్టి మూడేళ్లు చూశారు. కొత్తగా మయోపియా వచ్చినవాళ్లు మామూలు బడుల్లో 39.5 శాతం, ఈ బడుల్లో 30.4 శాతం. తైవాన్ బడుల్లో 2010 నుంచి రోజుకు 120 నిమిషాల లక్ష్యం పెట్టుకున్నారు. మీరూ రెండు గంటలే లక్ష్యంగా పెట్టుకోండి. ఆడితేనే అనేం లేదు, చెట్టు నీడన పాఠం చెప్పినా లెక్కలోకి వస్తుంది. ఆటల పీరియడు కోసి లెక్కల క్లాసు పెట్టే బడి పిల్లల కళ్లతో బాకీ తీర్చుకుంటోంది. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదని మాత్రం చెప్పండి.

పుస్తకం, ఫోను ముంజేయి పొడవు దూరంలో ఉండాలి. 20 నిమిషాలకోసారి తల ఎత్తి దూరంగా చూడాలి. నీలికాంతి ఆపే అద్దాలకు డబ్బు పోయకండి, వాటితో కంటి అలసట తగ్గుతుందనే ఆధారం దొరకలేదని 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థది) చెప్పింది. విటమిన్ ఏ లోపిస్తే రేచీకటి వస్తుంది, అది సరిచేయాల్సిందే. కానీ ఏం తిన్నా మైనస్ నంబరు పోదు. కంటి వ్యాయామాలతోనూ పోదు. దగ్గరికి చూసేటప్పుడు రెండు కళ్లూ ఒకచోటికి చేరలేని ఇబ్బందికి మాత్రం డాక్టరు పర్యవేక్షణలో చేసే వ్యాయామాలు నిజంగా పనిచేస్తాయి. ఇక చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. చూపు బాగుందని తేలాక కూడా చదవడం కష్టమవుతుంటే, రంగు అద్దాలు కొనకుండా చదువు నేర్పే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఏటా అర డయాప్టరుకు మించి పెరుగుతుంటే డాక్టరుతో మాట్లాడండి. తక్కువ గాఢత అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన అద్దాలు, కాంటాక్ట్ లెన్సులు ఇప్పుడున్నాయి. హాంకాంగ్‌లో పోల్చిన మూడు గాఢతల్లో 0.05 శాతం అట్రోపిన్ ఎక్కువ పనిచేసింది. మైనస్ 6 దాటిన కళ్లకు పెద్దయ్యాక రెటీనా ఊడటం, గ్లాకోమా లాంటి ముప్పులు ఎక్కువ. అందుకే ఈ ప్రయత్నమంతా.

11. నమోదు పుస్తకంలో చివరి గడి

ప్రతి పిల్లకూ ఒక వరస గీయండి. తేదీ, కుడి కన్ను, ఎడమ కన్ను, అద్దాలతోనా లేకుండానా, పంపామా, డాక్టరు చూశారా, ఏం చెప్పారు, అద్దాలు వచ్చాయా. చివర్లో ఇంకో గడి ఉండాలి: "ఇవాళ పెట్టుకుందా?" మొదటి నెలలో వారానికోసారి, తర్వాత నెలకోసారి ఆ గడి నింపండి. మూడు నెలలైనా డాక్టరు దగ్గరికి వెళ్లనివాళ్ల పేర్లు వేరే కాగితం మీద రాసుకుని, ప్రధానోపాధ్యాయులతో కలిసి ఒక్కో ఇంటి అడ్డంకేమిటో కనుక్కోండి. డబ్బా, దూరమా, భయమా అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని మారుతుంది.

అద్దాలున్న పిల్లలకు ఏడాదికోసారి, నంబరు వేగంగా పెరిగేవాళ్లకు ఆరు నెలలకోసారి డాక్టరు పరీక్ష కావాలి. మిగతా అందరికీ బడిలో చేరిన ఏడాది ఒకసారి, తర్వాత ఏటా గానీ రెండేళ్లకోసారి గానీ వడపోత జరగాలి. పరీక్ష రోజున బడికి రాని పిల్లల పేర్లు సాయంత్రం ఇంటికెళ్లే ముందే రాసుకోండి. తలనొప్పితో బడి మానేసే పిల్లలు ఆ జాబితాలోనే ఉంటారు. చార్టు మడిచి లోపల పెట్టేయకుండా ఇంకో వారం గోడ మీదే ఉంచి, వాళ్లు వచ్చిన రోజున ఒక్కొక్కరినీ పిలిచి చూడండి.